కారు మీద గీతలు – ఒక రిటైర్డు గుమాస్తా అనుభవం

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద ఇంతవరకు డి.ఏ. బకాయిల గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి, బి.పి., షుగరుల గురించి ఎందరో పెద్దలు మాట్లాడారు. కార్యదర్శి గారు ఫోను చేసి "ఈసారి మీరు కారు గీతల గురించి మాట్లాడాలి" అంటే నాకు నవ్వొచ్చింది. 34 ఏళ్ళు రెవెన్యూ శాఖలో కాగితాల మీద గీతలు గీసి, కొట్టివేతల పక్కన పొట్టి సంతకం పెట్టి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరైనవాణ్ణి. నాకూ కార్లకూ ఏమిటి సంబంధం అనుకున్నాను.

తర్వాత ఆలోచిస్తే అందులో సబబు ఉందనిపించింది. మన పిల్లలు హైదరాబాదుకో, బెంగుళూరుకో, అమెరికాకో పోతూ వాళ్ళ కార్లు మన వాకిట్లో పెట్టి పోతున్నారు. కొందరం గ్రాట్యుటీ డబ్బుతో కొనుక్కున్నాం. దాని మీద ఒక గీత పడితే ప్రాణం చివుక్కుమంటుంది. షెడ్డుకు తీసుకెళితే "తలుపు మొత్తం రంగెయ్యాలండీ" అంటారు. బిల్లు వేలల్లో ఉంటుంది. నిజానికి చాలా గీతలకు అంత ఖర్చు అక్కర్లేదు. నాకు తెలిసినంతలో నాలుగు మాటలు చెబుతాను. మధ్యలో నేను చేసిన ఒక తప్పు గురించి కూడా చెప్పాలి. ఈ పని నేను నేర్చుకున్నదే ఆ తప్పు వల్ల గనుక దాన్ని దాచడం కుదరదు.

మా అబ్బాయికి 2016లో పూనా బదిలీ అయింది. నాలుగేళ్ళు వాడిన తన కారును కాకినాడలో మా దగ్గర వదిలి వెళ్ళాడు. ముదురు నీలం రంగు. రిమోటు లేని రకం, తలుపుకు తాళంచెవి పెట్టి తిప్పాల్సిందే. "నాన్నా, వారానికోసారి తీసి తిప్పుతూ ఉండండి చాలు" అన్నాడు. నేను ఊరుకుంటానా? రోజూ పొద్దున్నే కాఫీ తాగి, ఒక పాత బనియను గుడ్డ పట్టుకుని కిందికి దిగేవాణ్ణి. మన ఆఫీసు పోర్టికోలో డ్రైవర్లు దొరగారి అంబాసిడర్‌ను పొడి గుడ్డతో ఎలా తుడిచేవారో మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. గుండ్రంగా చెయ్యి తిప్పుతూ, అద్దంలా వచ్చేదాకా తుడిచేవారు. నేనూ అలాగే తుడిచాను. ఏడాది పాటు ఒక్కరోజు నాగా పెట్టలేదు.

2017లో ఒకరోజు డ్రైవరు వైపు తలుపు మీద, తాళం రంధ్రానికి కింద, సన్నటి గీతలు ఓ గుత్తిగా కనిపించాయి. మా అపార్టుమెంటు వాచ్‌మన్‌కు పదేళ్ళ కొడుకున్నాడు. వాడి సైకిలు మా కారు పక్కనే ఉండేది. ఒకటి రెండుసార్లు వాడు కారు అద్దంలో చూసుకుంటూ తల దువ్వుకోవడం చూశాను. ఇంకేం, కేసు తేలిపోయిందనుకున్నాను. వాచ్‌మన్‌ను పిలిచి కేకలేశాను. అంతటితో ఆగానా? నెలవారీ మీటింగులో ఫిర్యాదు చేసి, మినిట్సు పుస్తకంలో రాయించాను. ఆ సాయంత్రం వాచ్‌మన్ ఆ పిల్లాణ్ణి కొట్టడం మా మూడో అంతస్తుకు వినిపించింది. "మనకెందుకండీ ఇదంతా, పసివాడు" అంది మా ఆవిడ. నేను పేపరు చదువుతున్నట్టు నటించాను. రెండు నెలల్లో వాళ్ళు మా బిల్డింగు మానేసి వెళ్ళిపోయారు.

తర్వాత గీతలు తీయిద్దామని ఒక పెయింటింగు షెడ్డుకు వెళ్ళాను. ఆ మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. తలుపు దగ్గర వంగి, గీతల మీద వేలి గోరు నెమ్మదిగా అడ్డంగా లాగి చూశాడు. తర్వాత లేచి, "గురువుగారూ, మీ తాళాల గుత్తి ఒకసారి ఇలా ఇవ్వండి" అన్నాడు. నా గుత్తిలో కారు తాళంచెవితో పాటు ఇంటి తాళంచెవి, బీరువాది, బ్యాంకు లాకరుది, మేడ మీద గదిది, అన్నీ ఉండేవి. అతను కారు తాళంచెవి రంధ్రంలో పెట్టి తిప్పాడు. కింద వేలాడుతున్న మిగతా తాళంచెవులు తలుపును రాసుకుంటూ అటూ ఇటూ ఊగాయి. సరిగ్గా ఆ గీతలున్న చోటే, అదే వంపులో.

నాకు నోట మాట రాలేదు.

"ఇది కాదండీ, ఎండలోకి తీయండి, ఇంకోటి చూపిస్తాను" అన్నాడు. ఎండలో బానెట్టు మీద సూర్యుడి వెలుగు పడిన చోట చుట్టూ సాలెగూడులాగా వేల కొద్దీ సన్నటి గీతలు. కారంతా అంతే. "రోజూ పొడి గుడ్డతో తుడుస్తారు కదూ? దుమ్మంటే ఏమిటండీ, ఇసకే కదా. గుడ్డ కింద ఇసక పెట్టి మీరే రుద్దారు" అన్నాడు.

సర్వీసులో ఎన్నో క్రమశిక్షణ ఫైళ్ళు నా చేతుల మీదుగా వెళ్ళాయి. సంజాయిషీ కోరకుండా, విచారణ జరపకుండా శిక్ష వేయరాదని ఎన్ని నోట్‌ఫైళ్ళలో రాశానో లెక్కలేదు. ఒక పదేళ్ళ పిల్లాడి విషయంలో ఆ నియమం నాకు గుర్తు రాలేదు.

ఆ తర్వాత చాలాసార్లు ఆ షెడ్డుకు వెళ్ళి కూర్చున్నాను. మేస్త్రి చెప్పినవి, నేను చేసి చూసినవి కలిపి ఇప్పుడు వరసగా చెబుతాను.

మొదట కారు రంగు అంటే ఏమిటో తెలియాలి. మనకు కనిపించేది ఒకే రంగు గాని, అడుగున నాలుగు పొరలుంటాయి. ఇనుప రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దాని మీద ప్రైమరు, దాని మీద రంగు, అన్నిటికీ పైన రంగు లేని పారదర్శకమైన పూత. దీన్ని క్లియర్ కోటు అంటారు. మెరుపంతా దానిదే. ఫ్యాక్టరీలో వేసిన ఈ పొరలన్నీ కలిపినా మామూలుగా 100 నుంచి 130 మైక్రాన్ల మందమే ఉంటాయి. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాను. అందులో క్లియర్ కోటు వాటా సుమారు 40, 50 మైక్రాన్లు. అంటే మన తలవెంట్రుక కంటే పలచన. పాత రోజుల కార్లకు ఈ పైపూత ఉండేది కాదు, రంగే పైపొర. మీ కారు పాతదై, పాలిష్ పెట్టి రుద్దినప్పుడు గుడ్డకు కారు రంగు అంటుకుంటే అది ఆ రకమని తెలుసుకోండి.

రెండో సంగతి ముఖ్యం. గీత తీయడం అంటే గీతను పూడ్చడం కాదు. గీత చుట్టూ ఉన్న పూతను గీత అడుగు మట్టం దాకా అరగదీయడం. మనం రిజిస్టరులో సిరా తప్పును గట్టి రబ్బరుతో చెరిపిన రోజులు గుర్తు చేసుకోండి. రెండుసార్లు చెరిపితే కాగితం పలచబడేది, మూడోసారి చిల్లు పడేది. ఇదీ అంతే. అరగదీసిన క్లియర్ కోటు మళ్ళీ రాదు. కాబట్టి అవసరమైనంతే, అవసరమైన చోటే రుద్దాలి.

ఇక గీత ఎంత లోతో తేల్చుకోవాలి. దానికి మూడు పరీక్షలు.

ఒకటి, అది అసలు గీతేనా? గోడకో, వేరే బండికో రాసుకున్నప్పుడు దాని రంగు మన కారుకు అంటుకుని గీతలా కనిపిస్తుంది. మెత్తటి గుడ్డకు కొంచెం టర్పెంటైను అద్ది నెమ్మదిగా తుడిస్తే చాలావరకు అదే పోతుంది. ఆ వెంటనే సబ్బునీళ్ళతో కడగాలి. థిన్నరు మాత్రం ముట్టుకోవద్దు, అది అసలు రంగునే లాగేస్తుంది.

రెండు, నీళ్ళ పరీక్ష. శుభ్రంగా కడిగి, గీత మీద నీళ్ళు చల్లండి. తడిగా ఉన్నంతసేపు గీత మాయమై, ఆరగానే మళ్ళీ కనిపిస్తే అది క్లియర్ కోటులోనే ఉంది. పాలిష్‌తో పోయే అవకాశం బాగా ఉంది.

మూడు, గోరు పరీక్ష. గీతకు అడ్డంగా గోరు తేలిగ్గా లాగండి. గోరు జారిపోతే పైపైన ఉన్నట్టు. గోరు తట్టుకుంటే లోతుగా దిగినట్టు, దాన్ని రుద్ది తీయాలని చూడవద్దు. గీత లోపల బూడిద రంగో తెలుపో కనిపిస్తే ప్రైమరు దాకా వెళ్ళింది. రేకు మెరుస్తూ కనిపిస్తే ఇనుము బయటపడింది. మనలా సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఉన్నవాళ్ళు అలాంటిదాన్ని అశ్రద్ధ చేస్తే త్వరగా తుప్పు పడుతుంది. బంపరు ప్లాస్టిక్ కాబట్టి దానికి ఆ భయం లేదు.

ఇప్పుడు గోరుకు తగలని గీతను ఎలా తీయాలో చెబుతాను.

కారును నీడలో పెట్టండి. రేకు చేతికి చల్లగా తగలాలి. ఎండలో కాలిన రేకు మీద పాలిష్ వెంటనే ఎండిపోయి పట్టుకుంటుంది. మొదట ధారాళంగా నీళ్ళు పోసి దుమ్మంతా జారిపోనివ్వాలి. తర్వాత రెండు బక్కెట్లు పెట్టుకోండి. ఒకదానిలో కారు షాంపూ కలిపిన నీళ్ళు, రెండోదానిలో మామూలు నీళ్ళు. గుడ్డను షాంపూలో ముంచి, పై నుంచి కిందికి తుడిచి, మామూలు నీళ్ళ బక్కెట్లో జాడించి, మళ్ళీ షాంపూలో ముంచాలి. దానివల్ల ఇసక రెండో బక్కెట్లో ఉండిపోతుంది. గుడ్డ కింద పడితే అది దులిపి వాడకండి, ఇంకోటి తీసుకోండి. మైక్రోఫైబరు గుడ్డలని కార్ల సామాన్ల షాపుల్లో దొరుకుతాయి, నాలుగైదు కొని పెట్టుకోండి. బోరు నీళ్ళు వాడేవాళ్ళు కారు దానంతటదే ఆరిపోయే దాకా ఉంచకుండా తుడిచేయాలి. లేకపోతే ఉప్పు మరకలు పడతాయి.

ఆరాక, సన్నరకం పాలిష్‌తో మొదలుపెట్టండి. షాపుల్లో రబ్బింగు కాంపౌండు, పాలిష్, వాక్సు అని మూడు రకాలిస్తారు. కాంపౌండు గరుకుది, ఎక్కువ అరగదీస్తుంది. పాలిష్ సన్నది. వాక్సు సాధారణంగా అరగదీయదు, పైన పల్చగా కప్పి మెరుపునిస్తుంది, గీతలను కొంత మరుగుపరుస్తుంది, అంతే. కొనేటప్పుడు ఏది కావాలో అడిగి తీసుకోండి. కాంపౌండుతో మొదలుపెట్టాలని మాత్రం తొందరపడకండి. సన్నదానితో పోనప్పుడే దాని సంగతి చూద్దాం.

స్పాంజి మీద శనగగింజంత పాలిష్ చాలు. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న చోటు మాత్రమే తీసుకోండి. మొట్టమొదటిసారి చేసేవారు ఎవరికీ కనబడని మూల మీద చేసి చూడాలి. మామూలు ఒత్తిడితో, ఒక వరస మీద సగం రెండో వరస పడేటట్టు, మొదట నిలువుగా, తర్వాత అడ్డంగా రెండు మూడు నిమిషాలు రుద్దండి. శుభ్రమైన గుడ్డతో తుడిచి వెలుగులో చూడండి. గీత తగ్గితే ఇంకోసారి చేయండి. రెండు మూడు విడతలకు కూడా పోకపోతే ఆపేయండి. తలుపు అంచులు, బానెట్టు మీద తేలిన గీరల దగ్గర పూత పలచగా ఉంటుంది, అక్కడ చెయ్యి తేలిక చేయాలి. చివర వాక్సు పల్చగా పూసి, ఆరాక తుడిచేయండి.

మన వయసులో వంగి పని చేస్తే నడుము పట్టేస్తుంది. ఒక పొట్టి స్టూలు వేసుకుని కూర్చోండి. రోజుకు ఒక తలుపు చాలు. యంత్రం పెట్టి రుద్దేవాళ్ళు ఉన్నారు గాని, అలవాటు లేని చేతిలో ఆ యంత్రం ఒక నిమిషంలో పూతను కాల్చేయగలదు. అది పనివాళ్ళకే వదిలేద్దాం.

గోరు తట్టుకునే లోతు గీతకు వేరే పద్ధతి. మీ కారు రంగుకు ఒక కోడు నంబరు ఉంటుంది. కారులో అతికించిన చీటీ మీద కొన్ని కంపెనీలు వేస్తాయి. కనబడకపోతే మీ కారు కంపెనీ సర్వీసు సెంటరులో ఛాసిస్ నంబరు చెప్పి అడగండి. ఆ కోడు ప్రకారం టచప్ పెయింటు చిన్న సీసా తెచ్చుకోండి. గీత లోపల తుప్పుంటే సన్నటి వాటర్ పేపరు చిన్న ముక్కతో గీత వరకే గీకి, తుడిచి, ఆరనివ్వాలి. ఇనుము కనిపిస్తే ముందు ప్రైమరు. తర్వాత రంగును పుల్ల మొనతో అద్ది, గీత లోపల మాత్రమే పడేటట్టు పల్చగా పెట్టాలి. ఆరాక మళ్ళీ పల్చగా. ఒకేసారి మందంగా పెడితే గడ్డ కడుతుంది. చివర క్లియర్ కోటు. ఇంత చేసినా దగ్గరగా చూస్తే తెలుస్తుంది, ముఖ్యంగా మెటాలిక్ రంగుల్లో. అయినా తుప్పు ఆగుతుంది. మనకు కావలసింది ఆ తుప్పు ఆగడమే.

చేయకూడనివి కొన్ని. టూత్‌పేస్టు పెట్టమని చాలామంది సలహా ఇస్తారు. అందులో సన్నటి గరుకు పొడి ఉంటుంది కాబట్టి చిన్న గీతలు కాస్త తగ్గినట్టు కనిపించవచ్చు. కానీ ఒక్కో పేస్టు ఒక్కో రకం, పళ్ళ కోసం చేసిందే గాని కారు కోసం చేసింది కాదు. కొబ్బరినూనె రాస్తే గీత కనబడదు, కడగ్గానే మళ్ళీ వస్తుంది, ఈలోగా దుమ్ము పట్టేస్తుంది. అంట్ల పీచు, గిన్నెల సబ్బు కారు దగ్గరికి రానివ్వకండి. పిట్ట రెట్ట ఎండిపోతే గోకవద్దు. తడి గుడ్డ దాని మీద పది నిమిషాలు వేసి ఉంచి, మెత్తబడ్డాక ఎత్తేయండి. మెరుపు లేని మ్యాటు రకం రంగులు కొత్తగా వస్తున్నాయి, వాటికి ఈ పాలిష్ పద్ధతి పనికిరాదు, పెడితే మచ్చలుగా మెరుస్తాయి.

ఇంకో మాట, ఇన్సూరెన్సు సంగతి. చిన్న గీతకు క్లెయిము పెట్టే ముందు లెక్క వేసుకోండి. క్లెయిము లేకుండా మొదటి ఏడాది గడిస్తే సొంత నష్టం ప్రీమియంలో 20 శాతం తగ్గింపు వస్తుంది. అది ఏటా పెరిగి అయిదేళ్ళకు 50 శాతం అవుతుంది. ఒక్క క్లెయిము పెడితే మరుసటి ఏడాది మామూలుగా అది పోతుంది. పైగా ప్రతి క్లెయిములో కొంత మన చేతి నుంచే పెట్టుకోవాలి. పెన్షనరుకు ఈ లెక్క ముఖ్యం.

ముగించే ముందు మొదలుపెట్టిన సంగతి పూర్తి చేయాలి. షెడ్డు నుంచి వచ్చిన తర్వాతి మీటింగులోనే నేను లేచి, ఆ గీతలు నా తాళంచెవుల వల్ల పడ్డవేనని, పిల్లాడి మీద నేను చేసిన ఫిర్యాదు తప్పని చెప్పాను. చెప్పడమే కాదు, అదే మినిట్సు పుస్తకంలో రాయించి సంతకం పెట్టాను. గుమాస్తా బుద్ధి కదా, రికార్డు సరి చేయకపోతే నిద్ర పట్టదు. "ఇప్పుడు ఇదంతా ఎందుకండీ, వాళ్ళు వెళ్ళిపోయారు కదా" అన్నారు ఒకరిద్దరు.

వాళ్ళు ఎక్కడున్నారో కనుక్కోవడానికి మూడు వారాలు పట్టింది. ఊళ్ళోనే ఇంకో పేటలో ఒక కొత్త బిల్డింగులో పనికి కుదిరారు. వెళ్ళాను. వాచ్‌మన్ కంగారుపడి కుర్చీ తుడిచి వేశాడు. జరిగింది చెప్పి, "తప్పు నాది, నీ కొడుకుది కాదు" అన్నాను. "పోనివ్వండి బాబుగారూ, పెద్దవారు మీరు ఇంత దూరం రావాలా" అన్నాడు. వాళ్ళావిడ ఏమీ అనలేదు. కుర్రాడు గదిలోనే ఉన్నాడు. "తాతగారు వచ్చారురా" అని తండ్రి రెండుసార్లు పిలిచినా బయటికి రాలేదు. నేను పిలవమని బలవంతం చేయలేదు. తెచ్చిన పళ్ళు గట్టు మీద పెట్టి వచ్చేశాను.

ఆ తలుపు మీది గీతల్లో చాలావరకు పాలిష్‌తో పోయాయి. రెండు మాత్రం గోరుకు తగిలేవి. మేస్త్రి "వదిలేయండి, ఇంకా రుద్దితే పూత పోతుంది" అన్నాడు. వదిలేశాను. ఇప్పటికీ తలుపు తీసినప్పుడల్లా కనిపిస్తాయి. కారు తాళంచెవి ఒక్కటీ విడిగా పెట్టుకుంటున్నాను. పొడి గుడ్డతో తుడవడం మానేశాను.

మీ కార్ల మీద గీతలు కనిపించినప్పుడు ముందు నీళ్ళు చల్లి, గోరు పెట్టి చూడండి. ఎవరినైనా అనే ముందు మీ తాళాల గుత్తి కూడా ఒకసారి చూసుకోండి.

సందేహాలుంటే టీ వేళ అడగండి, నాకు తెలిసింది చెబుతాను. సెలవు.